రెండో పేరా

పొందూరు ఖద్దరును మెచ్చుకునేవాళ్లలో దాన్ని తొడుక్కుని రైలెక్కినవాళ్లు తక్కువని నా అనుమానం. నూలు సన్నం, నేత సన్నం, ఎండాకాలం ఒంటిమీద ఉన్నట్టే ఉండదు. అన్నీ ఒప్పుకుంటాను. కాని చీపురుపల్లి స్టేషన్లో ఇస్త్రీ మడతలతో ఎక్కిన చొక్కా విజయనగరంలో దిగేసరికి ఎవరో నమిలి ఉమ్మేసినట్టుంటుంది. ఈ సంగతి ముందుగా ఎవరూ చెప్పరు. పొగిడి ఊరుకుంటారు.

నాకున్న ఒకే ఒక్క పొందూరు చొక్కా గుడ్డ మా నాన్న కొని తెచ్చాడు. నేను బి.ఏ. పాసయ్యానని తెలిసిన వారమే వెళ్లి తెచ్చాడు. కుట్టించాక నన్ను తొడుక్కోనివ్వలేదు. "ఉద్దోగానికి పిలుస్తారు కదా, అప్పుడు తొడుక్కో" అని పెట్టెలో పెట్టించాడు. రెండేళ్లు అది పెట్టెలోనే ఉంది. దాన్ని నలిపే అవకాశం నాకెవరూ ఇవ్వలేదు.

అరవైల చివరి రోజులవి. మా ఊరు చీపురుపల్లికి నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. పల్లంలో కొద్దిగా వరి, మెట్ట మీదంతా గోగు. కూరకి కాదు, నారకి. ఆ ఊళ్లో బి.ఏ. చదివిన మొదటివాణ్ణి నేనే. దానివల్ల ఊరికి ఒరిగిందేమిటంటే, టెలిగ్రాం వస్తే చదివించుకోవడానికి పక్క ఊరు పరుగెత్తక్కర్లేకపోయింది. నాకు ఒరిగింది ఇంకా తక్కువ.

ఆ రెండేళ్లూ నేను పంపిన దరఖాస్తులన్నీ నా చేత్తో, నా ఇంగ్లీషులో రాసినవి. నా ఇంగ్లీషు బాగుంటుందని కాలేజీలో అనేవారు. నేను చదివిన పుస్తకాలు, వక్తృత్వంలో వచ్చిన రెండో బహుమతి, కాలేజీ పత్రికలో పడిన హాస్య వ్యాసం, అన్నీ వాటిలో ఉండేవి. అబద్ధం మాత్రం ఒక్కటీ ఉండేది కాదు. సెమీకోలన్లు కూడా ఉండేవి. సెమీకోలన్ ఎక్కడ పెట్టాలో తెలిసినవాడికి ఎవరో ఒకరు గుమస్తా పనైనా ఇవ్వకపోతారా అని నా నమ్మకం. ఆ నమ్మకం నాలో నాటినవాళ్లు మా లెక్చరర్లు. వాళ్లకు ఉద్యోగాలున్నాయి.

ఒక్క జవాబూ రాలేదు. 'నీకు ఉద్యోగం ఇవ్వం' అని రాయడానికైనా ఒక గుమస్తా కావాలి కదా, ఆ పనికైనా నన్ను పెట్టుకోవచ్చు కదా అనుకునేవాణ్ణి. పోస్టుమేన్ మా ఇంటి ముందుకొచ్చేసరికి తప్పంతా తనదే అన్నట్టు తల వంచుకుని నడిచేవాడు. నాకు కోపం వచ్చేది. ఎవరి మీదో తెలియని కోపం. అలాంటి కోపానికి ఒక ఇబ్బంది ఉంది. ఇంట్లోవాళ్ల మీదే ఖర్చయిపోతుంది.

అలాంటప్పుడు, కాలేజీ రోజుల్లో నాతో ఒకే గదిలో ఉన్న స్నేహితుడు కార్డు రాశాడు. విజయనగరంలో ఒక జూట్ మిల్లు ఆఫీసులో గుమస్తా ఖాళీ ఉందట. కింద ఇంకో ముక్క: "దరఖాస్తు నువ్వు రాయకు. గంటస్తంభం దగ్గర టైపు మేష్టారున్నారు. ఆయన రాస్తే పిలుపు వస్తుంది."

మేష్టారి టైపు ఇన్‌స్టిట్యూట్ ఒక బెల్లం కొట్టు మీది మేడలో ఉండేది. మెట్ల కింద బెల్లం వాసన, మెట్ల పైన రిబ్బను సిరా వాసన. ఆరు మిషన్ల మీద ఆరుగురు నిరుద్యోగులు వేళ్లు అరగదీసుకుంటున్నారు. మేష్టారికి యాభై దాటాయి. ముక్కుపొడుం అలవాటు. నేను రాసుకెళ్లిన కాగితాన్ని ఆయన చేప బరువు చూసినట్టు చేత్తో ఎగరేసి చూశాడు.

"ఇదేటి బాబూ?"

"దరఖాస్తండి."

"కాదు. పెళ్లిసూపులకి రాసుకున్నావిది. నానింత గొప్పోణ్ణి, నానంత గొప్పోణ్ణి. ఇదెవుడు సదవాల?"

"ఉద్యోగం ఇచ్చేవాళ్లు."

"ఆలు సదవరు నాయినా. ఆలి బల్ల మీద ఇలాటివి ఇంతెత్తుంటాయి. ఊరికే సూస్తారు. సూసినప్పుడు ఆలి కన్ను ఒక్కకాడ ఆగుతాది. అక్కడేటుండాల?"

"అర్హతలు."

వెనక మిషన్ల మీద ఎవరో నవ్వారు.

"ఏడుపుండాల," అన్నాడు మేష్టారు.

తర్వాత నా కాగితం మీద పెన్సిలు పెట్టాడు. "వక్తృత్వమా? మాటాడేవోడు ఆఫీసులో దేనికి? తీసీ. పత్రికలో రాసినావా? ఓలమ్మ, మరీ బయమేస్తాది. తీసీ. ఈ సుక్క కింద తోకేటి?"

"సెమీకోలన్ అండి."

"నా మిషన్లో అది సరిగ్గా పడదు. తీసీ."

రెండేళ్ల నా సాహిత్యం రెండు నిమిషాల్లో రెండు లైన్లయింది. పేరు, ఊరు, బి.ఏ. అదే మొదటి పేరా. దొరవారి కుటుంబం చల్లగా ఉండాలని నిత్యం దేవుణ్ణి వేడుకుంటూ ఉంటానన్నది మూడో పేరా. అది ఆయన మిషను కళ్లు మూసుకుని కొట్టేది. రెండో పేరాకి వచ్చేసరికి మేష్టారు పొడుం పీల్చి, చెయ్యి దులుపుకుని, సర్దుకుని కూర్చున్నాడు.

"అసలు దరకాస్తంటే రెండో పేరా. మొదటిదీ మూడోదీ దానికి అటో గోడ, ఇటో గోడ. ఊఁ, సెప్పు. మీ నాన్నేటి సేస్తాడు?"

"వ్యవసాయం."

"ఎన్నెకరాలు?"

"నాలుగు."

"ఉండకూడదు."

"భూమా అండి?"

"మీ నాన్న."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"నాన్నున్నోడికి ఉద్దోగం దేనికిరా? నాన్న కూడెడతన్నాడు కదా అనుకుంటారు. నాన్న నేడనుకో. తల్లి విధవ. పెళ్లి కాని సెల్లెళ్లు ఇద్దరు."

"చెల్లెలు ఒక్కతేనండి. పెళ్లయిపోయింది."

"ఇద్దరు," అన్నాడు. "పెళ్లి కాలేదు."

"మేష్టారండీ, మా నాన్న బతికే ఉన్నాడు."

"ఉండనీ. నిండు నూరేళ్లు ఉండనీ. బతికున్నోడు సచ్చిపోనాడని వార్త పుడితే ఆయుస్సు పెరుగుతాదంటారు కదా. మీ నాన్నకి మంచే సేస్తన్నాను."

కొట్టాడు. నాకొక్కడికే కాదు, ఆ ఉద్యోగానికి ఎంతమంది వస్తే అంతమందికీ అదే కొడుతున్నాడని అప్పుడు నాకు తెలియదు. కాగితం బయటికి లాగి నా చేతికిచ్చాడు. చదివాను. నిజం చెప్పాలంటే బాగా రాశాడు. నాలుగు వాక్యాల్లో మా నాన్న అకాల మరణం చెందాడు, మా అమ్మ కన్నీరుమున్నీరైంది, ఇద్దరు చెల్లెళ్లు వీధిన పడడానికి గుమ్మం దాకా వచ్చేశారు. సంతకం పెట్టేటప్పుడు నా చెయ్యి వణికిందని రాయాలని ఉంది. వణకలేదు. సంతకం చక్కగా వచ్చింది.

మూడు వారాల తర్వాత పోస్టుమేన్ వీధి చివర్నించే కార్డు ఎత్తి చూపిస్తూ వచ్చాడు. నిజాయితీగా రాసిన రెండేళ్లకు రానిది, ఒక శవానికి మూడు వారాల్లో వచ్చింది. నాకు ఇప్పటికీ ఒళ్లు మండేది ఇక్కడే. ఆ మేష్టారు తప్పు చెప్పి ఉంటే ఆయన్ని తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. ఆయన చెప్పింది నిజమైంది.

కార్తీక మాసం. గోగు నీళ్లలో ఊరుతున్న రోజులు. ఊరిన గోగు కంపు ఎలా ఉంటుందో తెలియనివాళ్లకు చెప్పలేను. తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. మా నాన్న అప్పుడే మడుగులోంచి వచ్చాడు. చేతులు పంచెకి రెండుసార్లు తుడుచుకుని, కార్డుని అంచులు మాత్రం పట్టుకున్నాడు. చదువు రాదు కాబట్టి రెండు వైపులా సమానంగా చూశాడు.

"ఏ మిల్లురా?"

చెప్పాను.

"ఓరి! మనం నార తోల్తాం కదా, ఆ మిల్లే! ఆ కొనుగోలు బాబు నాకు బాగా ఎరిక. మావా, మావా అంటాడు."

మా నాన్న నార విజయనగరం తోలతాడని నాకు తెలుసు. ఏ మిల్లుకో తెలియదు. అక్కడ మిల్లులు ఒకటి కాదు, నేను ఎప్పుడూ అడగలేదు. సముద్రానికి అవతల దేశాల్లో ఏ ఊళ్లో ఏం నేస్తారో పరీక్షలో రాశాను. మా నాన్న పండించింది ఎక్కడికి పోతుందో అడగని చదువు నాది.

"నానూ వస్తాను," అన్నాడు. "బాబుతో ఒక్క మాట..."

"వద్దు నాన్నా. అక్కడ సిఫార్సులు పనికిరావు. చదువు చూసి ఇస్తారు."

ఈ వాక్యం నా నోటితోనే అన్నాను.

"సిపార్సు సెయ్యనురా. గేటు బయట కూకుంటాను. నువ్వు లోపటికెల్తంటే సూస్తాను, అంతే."

"వద్దన్నానా."

తన చేతులు తనే వాసన చూసుకున్నాడు.

"కంపు కొడతన్నానేటి?"

లేదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. అంటే వస్తాడు. వస్తే, చచ్చిపోయిన మనిషి గేటు బయట కూర్చుంటాడు. ఆయన కార్డుని మా అమ్మకి ఇచ్చి మళ్లీ మడుగుకి వెళ్లిపోయాడు. కొడుక్కి తన వాసన నామోషీ అని ఆయన అనుకున్నాడు. అనుకోనిచ్చాను.

పెట్టెలోంచి చొక్కా తీశారు. దాని గురించి మొదటే చెప్పాను.

మిల్లు వరండాలో ఎనిమిదిమందిమి కూర్చున్నాం. అందరి చేతుల్లోనూ దరఖాస్తు నకలు ఉంది. అన్నీ ఒకే టైపు. నా పక్కనున్నతను నా కాగితంలోకి తొంగి చూశాడు.

"మీది కూడా మేష్టారేనా?"

"ఆయనే."

"నాన్నగారు?"

"పోయారు. గంటస్తంభం దగ్గర, మేడ మీద."

"మా నాన్న కూడా అక్కడేనండి," అన్నాడతను. "ఇప్పుడు గేటు బయట టీ తాగతన్నాడు."

వరుసంతా గుసగుసగా నవ్వుకుంది. ఒకడి తండ్రి పొద్దున్నే రైలెక్కించి చద్దన్నం తిని పనికి వెళ్లాడట. ఇంకొకడి తండ్రి పెళ్లి పెద్దగా బొబ్బిలి వెళ్లాడట. ఎనిమిది మంది తండ్రులు ఒకే నెలలో ఒకే మిషను మీద పోయారు. ఆ మాటే నేను అన్నాను కూడా. నవ్వించడం నాకు మొదట్నించీ ఉన్న జబ్బు.

చివర కూర్చున్నతను నవ్వలేదు.

"నాది నిజమేనండి," అన్నాడు. "మాది సాలూరు. నాన్న లారీ డ్రైవరు. ఘాట్‌లో పోయాడు. మేష్టారు అందరికీ కొట్టిందే కొట్టారు. నాకు అందులో ఏటీ మార్చక్కర్లేకపోయింది."

మేం ఎనిమిదిమందిమీ నేల చూశాం. కాదు, ఏడుగురం.

అతన్ని నాకంటే ముందు పిలిచారు. బీడీ కాల్చినంతసేపు కూడా లోపల లేడు. బయటికొచ్చి గోడ వారగా నిలబడ్డాడు.

"ఏమన్నారు?" అని అడిగాను.

"నవ్వారండి."

తర్వాత నన్ను పిలిచారు. బల్ల వెనక ఇద్దరు. ఒకాయన కలకత్తా వైపు నుంచి వచ్చిన మేనేజరు. కళ్లద్దాలు, మెత్తని గొంతు. రెండో ఆయన నార కొనుగోలు అధికారి. తలకి తువ్వాలు చుట్టుకుంటే మా ఊరివాడే అనిపించే మనిషి. మా నాన్న చెప్పిన బాబు ఇతనే అయి ఉండాలని చూడగానే తెలిసింది. కూర్చోమని ఎవరూ అనలేదు. చొక్కా అప్పటికే బాగా నలిగింది. అది కొంత లాభించింది. తండ్రి లేనివాడి చొక్కాలాగే ఉంది.

మేనేజరు ఎనిమిది దరఖాస్తులూ బల్ల మీద పేకముక్కల్లా పరిచాడు. ఇంగ్లీషులో అడిగాడు. "మీ నాన్నగారు ఏ జబ్బుతో పోయారు?"

"కామెర్లండి."

"ఇప్పటికి అయిదుగురు కామెర్లతో పోయారు. మీ జిల్లాలో నీళ్లు బాగా లేనట్టున్నాయి." నవ్వాడు. చాలా మర్యాదగా నవ్వాడు. ఇందాక సాలూరు అతని ముందు నవ్వింది కూడా ఇలాగే అయి ఉంటుంది. "మీ ఎనిమిదిమందిలో ఎవరి తండ్రీ పోలేదని నా అభిప్రాయం. కాదంటారా?"

ఆ నిమిషంలో నిజం చెప్పి వచ్చేసి ఉంటే, ఈ నాలుగు ముక్కలూ రాసే అవసరం ఉండేది కాదు. నోరు తెరిచాను కూడా. ఈలోగా కొనుగోలు అధికారి నా దరఖాస్తు లాక్కుని ఇంటిపేరు, ఊరిపేరు చూశాడు.

"ఈ ఊరా మీది? ఈ ఇంటిపేరుతోనే అక్కడ ఒక మావున్నాడు. మాకు గోగు తోల్తాడు. పొట్టిగా, ఎడమ కనుబొమ్మ మీద మచ్చ. నార ఎప్పుడూ తడపడు. కాటా కాడ నోరెత్తడు. నీకేటవుతాడు?"

ఏళ్ల తరబడి నార కొంటున్న మనిషికి మా నాన్న పేరు తెలియదు. మా వైపు అంతే. మావా అని పిలిచాక ఇక పేరు అడగడం మర్యాద కాదు. కొన్న చీటీల్లో ఊరు, ఇంటిపేరు వేస్తే సరిపోతుంది. దరఖాస్తులో నా తండ్రి పేరు ఆయన కళ్ల ముందే ఉంది. ఆ పేరు మావదే అని ఆయనకు తట్టే దారి లేదు.

"మా పెదనాన్నండి," అన్నాను.

మా నాన్నకి తమ్ముడు లేడు. ఆ గదిలో పుట్టాడు. పుట్టిన నిమిషానికే కామెర్లతో పోయాడు.

కొనుగోలు అధికారి మేనేజరు వైపు తిరిగి ఇంగ్లీషులో అన్నాడు. "సార్, ఇతనిది మాత్రం నిజం. ఇతని పెదనాన్న నాకు తెలుసు. గుప్పెడు నార కూడా తడపని మనిషి. ఆ ఇంట్లోవాళ్లు అబద్ధం ఆడరు."

మేనేజరు మొహంలోంచి నవ్వు పోయింది. జాలి వచ్చింది. ఆ జాలిని నేను చూడలేకపోయాను. నా కాగితం మీద పెన్సిలుతో గీత పెట్టాడు.

మా నాన్న ఎన్నో ఏళ్లు నార తడపకుండా సంపాదించుకున్న మంచిపేరు అది. పక్కవాళ్లంతా నీళ్లు చల్లి బరువు తెచ్చుకుంటుంటే, ఆయన ఎండబెట్టిందే తోలేవాడు. ఆ పేరుని నేను ఆయన చావుకి సాక్ష్యంగా వాడుకున్నాను.

వరండాలో సాలూరు అతను ఇంకా ఉన్నాడు.

"ఏటన్నారండి?"

"వచ్చిందనుకుంటాను."

"మంచిదండి," అన్నాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. "అయితే మీ నాన్నగారు కూడా నిజంగానే పోయారన్నమాట. ఇందాక ఆ బాధ దాచుకోడానికే నవ్వించారు."

తల ఊపాను. అతను స్టేషను దాకా నాతో నడిచి వచ్చాడు. తండ్రి పోయాక మొదటి ఏడాది చాలా కష్టంగా ఉంటుందని, తర్వాత అలవాటవుతుందని దారి పొడుగునా నాకు ధైర్యం చెప్పాడు. నన్ను ఎవరైనా కొట్టి ఉంటే అంత బాధ ఉండేది కాదు. ఆ మేనేజరు మీద, మేష్టారి మీద, ఆ ఎనిమిది కాగితాల మీద నాకు ఎంత కోపం వచ్చిందంటే, నా మీద రావలసింది కూడా వాళ్లకే పంచేశాను.

ఇంట్లో చెప్పాను, చదువు చూసి ఇచ్చారని. మా నాన్న ఊరంతా చెప్పుకున్నాడు. మా అమ్మ పోలమాంబకి కోడిపుంజు మొక్కు తీర్చింది. నేను విజయనగరంలో చిన్న గది తీసుకుని పనిలో చేరాను. శనివారం సాయంత్రం ఊరెళ్లడం, సోమవారం పొద్దున్న రావడం.

నా బల్ల ఆఫీసు లోపల ఉండేది. నార కాటా వెనక దొడ్లో. పుష్యం వచ్చేసరికి బళ్లు రావడం మొదలైంది. మా వైపు బళ్లు వచ్చే రోజుల్లో దొడ్డి వైపు పోకుండా ఉంటే చాలు. నేను పెద్ద పథకమే వేసుకున్నాను. బి.ఏ. కదా.

ఒకరోజు పొద్దున్న కొనుగోలు అధికారి స్వయంగా నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"లెగు, లెగు. మీ పెదనాన్న వచ్చాడు. నీ సంగతి ఇంకా సెప్పనేదు. మనమిద్దరం ఎల్లి సెపుదాం. కుశాలపడతాడు."

భుజం మీద చెయ్యి వేసి నడిపించుకుపోయాడు. దొడ్లో మా బండి. ఎద్దుల ముందు మా వీధిలో ఉండే బావ నిలబడి ఉన్నాడు. ప్రతి ఏడూ నాన్నతో బండి తోలుకొచ్చేది అతనే. బండి వెనక మా నాన్న నార మోపులు దించుతున్నాడు. నన్ను చూడగానే మొహం విప్పారింది. నోరు తెరిచాడు. కొనుగోలు అధికారి ముందే అందుకున్నాడు.

"మావా! మీ తమ్ముడి కొడుకుని మనమే ఏసుకున్నాం. తండ్రి నేని పిల్లడు, పాపం. నిన్ను సూసే ఇచ్చారు ఉద్దోగం. మంచి పని సేసామా నేదా?"

మా నాన్న ఆయన్ని చూశాడు. నన్ను చూశాడు. మళ్లీ ఆయన్ని చూశాడు. చేతిలోని మోపుని కింద పెట్టలేదు. ఎద్దుల ముందున్న బావ ఏదో అనబోయాడు. మా నాన్న వెనక్కి తిరక్కుండానే, "ఎద్దుల్ని సూడు," అన్నాడు అతనితో.

తర్వాత కొనుగోలు అధికారితో అన్నాడు. "మంచి పని సేసారు బాబూ."

"తమ్ముడు పోనాడని ఒక్కపాలైనా సెప్పనేదేటి మావా? ఎప్పుడు పోనాడు?"

"ఈ మజ్జినే," అన్నాడు మా నాన్న. "నాకూ ఇప్పుడే తెలిసింది."

"అదేటి, నీకు కబురెట్టనేదా?"

"నేదు బాబూ. పిల్లడు తొందర్లో మరిసిపోనాడు."

కొనుగోలు అధికారి నా వైపు కొంచెం కోపంగా చూశాడు, అంత పెద్దమనిషికి కబురు పెట్టనందుకు. తర్వాత మోపులోంచి ఒక పాయ లాగి, మెలితిప్పి, వాసన చూశాడు. "సుక్క తడి నేదు. సూడవోయ్, మనిషంటే మీ పెదనాన్న," అని నాతోనే అన్నాడు.

కాటా అయ్యాక మా నాన్న బండి ముందు భాగంలోంచి గుడ్డ మూట ఒకటి తీశాడు. లోపల అరిసెలు. వాసన తెలుస్తూనే ఉంది. ఒక్క క్షణం దాన్ని చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. కొనుగోలు అధికారి ఇంకా అక్కడే ఉన్నాడు.

"ఇదిగో," అని నా చేతికిచ్చాడు. "మీ పెద్దమ్మ పంపింది. తిను."

బండి తోలుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నేను రాసిన ఉత్తరాల్లో తప్పులు లేవని హెడ్డు గుమస్తా మెచ్చుకున్నాడు.

శనివారం ఊరెళ్లాను. వెళ్లకుండా ఉండడానికి ఆలోచించిన కారణాలు చాలా ఉన్నాయి, ఒక్కటీ నిలబడలేదు. దారి పొడుగునా ఏం చెప్పాలో వాక్యాలు పేర్చుకున్నాను. వక్తృత్వంలో రెండో బహుమతి వచ్చినవాణ్ణి. ఎవరు ఎవరికి అన్యాయం చేశారో, ఉద్యోగాలు ఇచ్చే పద్ధతి ఎంత కుళ్లిందో, మేష్టారు ఎవరో, ఎనిమిది కాగితాలు ఏమిటో, అన్నీ వరుసలో ఉన్నాయి.

మా నాన్న అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు.

"రా, తమ్ముడి కొడకా," అన్నాడు.

అంతే. తల ఎత్తలేదు. ఆ మాట వెనక కోపం ఉందేమో అని వెతికాను. ఉంటే బాగుండేది. ఆయన మామూలుగా అన్నాడు. కాళ్లు కడుక్కోమని చెంబు నా వైపు జరిపాడు. పేర్చుకున్న వాక్యాల్లో ఒక్కటీ ఆయనకు చెప్పాల్సింది కాదని అప్పుడు అర్థమైంది. ఆయన దొడ్లో అంతా ఒప్పేసుకున్నాడు. నా ఉద్యోగం నిలబెట్టడానికి నిలబడ్డ చోటే, మోపు చేతిలో ఉండగానే చచ్చిపోయాడు. మనిషి ఒప్పుకున్నాక వాదించడానికి ఏముంటుంది?

లోపలికి వెళ్లాను. మా అమ్మ పొయ్యి ముందు కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. బండి తోలిన బావ ఊరు చేరిన సాయంత్రమే వచ్చి అంతా చెప్పేశాడని ఆమె కూర్చున్న తీరులోనే తెలిసింది. నేను పీట లాక్కుని కూర్చున్నాను. ఈనె తీసిన కాయ తీసినట్టు చేటలో పడుతోంది.

"అమ్మా, అది ఉత్తి కాగితం," అన్నాను. "అందరికీ అలాగే కొట్టాడు. అలా రాస్తేగాని పిలవరు. రెండేళ్లు నిజం రాశాను కదా, ఎవరు పిలిచారు? అయినా చచ్చిపోయినట్టు వార్త పుడితే ఆయుష్షు పెరుగుతుందంటారు."

"పెరగనీ," అంది. కాయల మీంచి చూపు ఎత్తలేదు. "మరి అందులో నానేటయిపోనాను?"

ఇంకో కాయ చేటలో పడింది.

"మీ బావ సెప్పాడులే," అంది. "అయ్య నేనోడివన్నారంట. మరి అమ్మ ఏటవుతాది?"

చిక్కుడుకాయ ఒకటి తీసి నేనూ ఈనె లాగడం మొదలుపెట్టాను. అది మధ్యలో తెగిపోయింది. ఆమె నా చేతిలోంచి కాయ తీసుకుని, మిగిలిన ఈనె లాగేసి, చేటలో పడేసింది. అప్పుడు తలెత్తి నా మొహంలోకి చూసింది.

"సంపాలంటే నన్ను సంపాల్సింది. నాను సచ్చిపోనానని రాస్తే ఉద్దోగం ఇవ్వరేట్రా?"